బొమ్మలో ఇల్లు బాగుంది... మరి అందులో ఉండేదెవరు?

"ఏమోనండీ... ఆ కిటికీ చూస్తుంటే నాకెందుకో ఉక్కపోస్తోంది!"

ఆవిడ ఆ మాట అనగానే గదిలో ఉన్నవాళ్ళందరం నవ్వేశాం. ఆవిడ భర్త నవ్వారు, మరిది నవ్వాడు, నేనూ నవ్వాను. ఎందుకంటే అప్పుడు మేం చూస్తున్నది కిటికీని కాదు, కంప్యూటరు తెర మీద కిటికీ బొమ్మని. ఏసీ గదిలో కూర్చుని బొమ్మ చూస్తే ఉక్కపోయడమేమిటి, విడ్డూరం కాకపోతే! ఆవిడ కూడా కాస్త సిగ్గుపడి, "అంటే... బాగానే ఉందిలెండి, మీకు తెలియనిదా" అని సర్దుకున్నారు.

ఆ రోజు నవ్వినందుకు నేనిప్పటికీ సిగ్గుపడుతుంటాను.

నా వృత్తి ఇళ్ళకి కంప్యూటరులో నమూనాలు తయారుచెయ్యడం. ప్లాను గీసి, గోడలు లేపి, తలుపులూ కిటికీలూ పెట్టి, రంగులు వేసి, ఎండా నీడా పడేలా చేసి, కట్టబోయే ఇల్లు ఎలా ఉంటుందో కట్టకముందే చూపించడం. విజయవాడలో దాదాపు ఇరవయ్యేళ్ళుగా ఇదే పని. ఇల్లు కట్టేవాళ్ళు నా దగ్గరికి కుటుంబంతో సహా వస్తారు. మగవాళ్ళు తెర ముందు కుర్చీల్లో కూర్చుంటారు. ఆడవాళ్ళు వెనకాల సోఫాలోనో, పిల్లాణ్ణి ఎత్తుకుని నిలబడో చూస్తారు. ఇది నేను పెట్టిన నియమం కాదు. అలా జరిగిపోతుంటుందంతే.

ఆవిడది పడమటి ముఖం స్థలం. ఆగ్నేయంలో వంటగది కుదరక, వాస్తులో రెండో పక్షంగా చెప్పే వాయవ్యంలో పెట్టాం. అంటే వంటగది వీధి వైపుకి వచ్చింది. సింహద్వారానికి ఒక పక్క పడకగది, మరో పక్క వంటగది. రెంటికీ వీధి వైపు ఒకే కొలత కిటికీలు పెట్టాను. ఆరడుగుల వెడల్పు, నాలుగడుగుల ఎత్తు. ఆవిడేమో వంటగది పెద్ద కిటికీ ఉత్తరపు గోడకి పెట్టి, పడమట చిన్నది చాలదా అన్నారు. ఎందుకని అడిగితే మాత్రం చెప్పలేకపోయారు. ఏదో తేడాగా ఉందన్నారు, అంతే.

నాకు మాత్రం చెప్పడానికి బోలెడన్ని కారణాలున్నాయి. చదువుకున్న సూత్రాలున్నాయి. "ఇంటి ముఖానికి ఎడమా కుడీ సమతూకం ఉండాలండీ. మనిషి ముఖం మీద ఒక కన్ను పెద్దదీ, ఒక కన్ను చిన్నదీ అయితే ఎలా ఉంటుంది?" అన్నాను. మగవాళ్ళిద్దరూ తలలూపారు. దాంతో వాదం ముగిసింది. పైగా బొమ్మ అందంగా కనపడాలని సూర్యుణ్ణి సాయంత్రం వైపు తిప్పాను. ఇంటి ముఖం బంగారంలా మెరిసిపోయింది. ఆ రెండు కిటికీల అద్దాల మీద ఎండ తళతళలాడింది. ఆ బొమ్మనే ఫ్రేము కట్టించి ఇచ్చాను కూడా.

ఇల్లు పూర్తయింది. గృహప్రవేశం మాఘమాసంలో అయింది. అందరూ మెచ్చుకున్నారు. ఆ తరవాత మే నెలలో ఓ రోజు అటువైపు వెళ్తూ సాయంత్రం నాలుగున్నరకి వాళ్ళింటికి వెళ్ళాను. ఆవిడ వంటింట్లో ఉన్నారు. నేను అంత ఆలోచించి పెట్టిన కిటికీకి అట్టపెట్టెలు చింపి, టేపుతో అతికించి ఉన్నాయి. పగలే లైటు వేసుకుని టీ పెడుతున్నారు. చీర కొంగు మెడ చుట్టూ తుడుచుకుంటూ, "కూర్చోండి, హాల్లో కాస్త చల్లగా ఉంటుంది" అన్నారు. "నేనప్పుడే చెప్పాను కదా" అని ఒక్క మాట కూడా అనలేదు. అంటేనే బాగుండేదేమో!

ఇంటికొచ్చి ఆ పాత మోడలు తెరిచి చూశాను. ఏ ఎండనైతే బొమ్మలో అందం కోసం పెట్టానో, సరిగ్గా అదే ఎండ ఆవిడ ముఖం మీద కొడుతోంది. అంటే బొమ్మ అబద్ధం చెప్పలేదు. ఉన్నదున్నట్టే చూపించింది. నేను దాన్ని అందంగా చదువుకున్నాను, ఆవిడ వేడిగా చదువుకున్నారు. ఇద్దరిలో సరిగ్గా చదివింది ఎవరో వేరే చెప్పాలా?

సూత్రాలు ఎవరి ఒంటి కొలతలు?

అలాగని సూత్రాలన్నీ దండగ అని నేననను. వాటితోనే అన్నం తింటున్నాను. సమతూకం, స్వర్ణ నిష్పత్తి అని పిలిచే 1.618 లెక్క, తెరని అడ్డంగా మూడు నిలువుగా మూడు భాగాలు చేసి ముఖ్యమైన వస్తువుని గీతలు కలిసే చోట పెట్టడం, నిలువు గీతలు వంగకుండా చూడడం... ఇవన్నీ చూసేవాళ్ళ కంటికి హాయినిస్తాయి. కొత్తగా పని నేర్చుకునేవాళ్ళు వీటిని నేర్చుకోకపోతే బొమ్మ గందరగోళంగా తయారవుతుంది. కానీ ఒక ప్రశ్న వేసుకోవాలి. ఈ కొలతలు మొదట ఎవర్ని చూసి రాశారు?

లె కార్బూజియే పేరు వినే ఉంటారు. చండీగఢ్ నగరానికి రూపమిచ్చిన మహానుభావుడు. ఆయన 1940లలో మాడ్యులర్ అనే కొలతల పద్ధతి తయారుచేశాడు. మనిషి ఒంటినీ, స్వర్ణ నిష్పత్తినీ కలిపి, దాన్నిబట్టి గదుల ఎత్తులూ గట్ల ఎత్తులూ నిర్ణయించాలని ఆయన ఆలోచన. గొప్ప ఆలోచనే. మొదట 1.75 మీటర్ల మనిషిని కొలబద్దగా తీసుకున్నాడు. తరవాత దాన్ని 1.83 మీటర్లకి, అంటే ఆరడుగులకి మార్చాడు. ఎందుకో తెలుసా? అడుగులూ అంగుళాల లెక్కలో అంకెలు చక్కగా కుదిరాయి. పైగా ఇంగ్లీషు డిటెక్టివు నవలల్లో అందగాళ్ళంతా ఆరడుగుల వాళ్ళే కదా అని ఆయన దగ్గర పనిచేసే ఒకాయన సూచించాడట. ఈ సంగతి ఆ పుస్తకంలో ఆయనే రాసుకున్నాడు. అంటే ప్రపంచమంతా శాస్త్రంగా చదువుకున్న ఆ కొలత వెనక ఉన్నది కూడా ఒక మనసుకి తట్టిన ఊహే! ఆ ఊహలో నిలబడ్డవాడు ఆరడుగుల మగవాడు. మన దేశంలో ఆడవాళ్ళ సగటు ఎత్తు ఐదడుగులు. ఆ ఒక్క అడుగు తేడా ఎక్కడికి పోతుంది? అటక మీదికీ, గట్టు మీదికీ, మన భుజాల నొప్పుల్లోకీ పోతుంది.

ఇప్పటి సాఫ్ట్‌వేర్ల సంగతీ చూడండి. ఇళ్ళ నమూనాలకి మాలాంటివాళ్ళు ఎక్కువగా వాడే స్కెచ్‌అప్ 2000లో వచ్చింది. అందులో నమూనా లోపలికి నడిచి చూసే సదుపాయం ఉంది. ఆ నడిచే మనిషి కంటి ఎత్తు, మనం మార్చకపోతే, ఐదడుగుల ఆరంగుళాలు ఉంటుంది. అంత ఎత్తులో కళ్ళుండాలంటే ఆ మనిషి ఎత్తు దరిదాపు ఆరడుగులుండాలి. ఐదడుగుల ఆడమనిషి కంటి ఎత్తు నాలుగడుగుల ఎనిమిదంగుళాలకి మించదు. ఆ అట్టపెట్టెల కిటికీ చూసొచ్చాక ఒక రాత్రి కూర్చుని, నేను అప్పటికి చేసిన నాలుగు ఇళ్ళ నమూనాల్లో కంటి ఎత్తు తగ్గించి నడిచాను. ఎంత తేడానో! గట్టు పైకి లేచింది. పై అరల్లో ఏముందో కనపడకుండా పోయి, వాటి అడుగు చెక్కలు కనపడ్డాయి. కిటికీలోంచి వీధి కాకుండా ఎదురింటి పిట్టగోడ కనపడింది. అవే ఇళ్ళు, అవే గోడలు. చూసే మనిషి మాత్రం మారింది.

అనుభవం లేకుండా వంటిల్లు

"అయితే ఆడవాళ్ళు గీస్తే సరిపోతుందా?" అని అడగొచ్చు. అదీ అంత తేలిక కాదు. మార్గరెటె షూట్టె-లిహోత్స్కీ అనే ఆస్ట్రియా ఆర్కిటెక్టు 1926లో జర్మనీలోని ఫ్రాంక్‌ఫర్ట్ నగరం కోసం ఒక వంటిల్లు తయారుచేసింది. ఇవాళ మనం మాడ్యులర్ కిచెన్ అని లక్షలు పోసి పెట్టించుకుంటున్నామే, దానికి అమ్మమ్మ లాంటిది. వెడల్పు 1.9 మీటర్లు, పొడవు 3.4 మీటర్లు. ఇల్లాలు ఏ పనికి ఎన్ని అడుగులు వేస్తోంది, ఎంతసేపు పడుతోంది అని గడియారం పెట్టి కొలిచిన లెక్కల్ని ఆధారం చేసుకుంది. గట్లూ, సొరుగులూ, ఎత్తు మార్చుకునే స్టూలూ అన్నీ చేతికందేలా అమర్చింది. ఆ నమూనాలో సుమారు 10,000 ఇళ్ళకి వంటిళ్ళు కట్టారు. తమాషా ఏమిటంటే, అది గీసేనాటికి తనకి వంట చేసిన అనుభవమే లేదని ఆవిడే తరవాత చెప్పుకుంది. దాదాపు 103 ఏళ్ళు బతికి 2000లో పోయింది.

అంటే అనుభవం లేకపోయినా కొలతలతో, సూత్రాలతో మంచి పని చెయ్యొచ్చని ఆవిడ నిరూపించింది. ఎన్నో ఇళ్ళల్లో ఆడవాళ్ళకి అడుగులు తగ్గించింది. కానీ ఆ వంటింట్లో ఒక్క మనిషికే చోటు. రెండో మనిషి వస్తే ఒకరికొకరు అడ్డం. సంక్రాంతికి మనింట్లో అరిసెలు వండేటప్పుడు గుర్తుచేసుకోండి. పాకం పట్టేవాళ్ళొకరు, ఒత్తేవాళ్ళొకరు, నూనెలో వేసేవాళ్ళొకరు, మధ్యలో కాళ్ళకి అడ్డం పడే పిల్లలు. గడియారం అడుగుల్ని కొలిచింది కానీ ఈ కబుర్లని కొలవలేదు. అక్కడ కావలసింది కొలత కాదు, ఒకసారైనా అరిసెలు వండిన చెయ్యి.

మనసు కూడా పొరపడుతుంది

ఇంతవరకూ చదివి, "అయితే మన మనసుకి ఏది తోస్తే అదే రైటన్నమాట" అనుకుంటారేమో. అబ్బే, అదీ కాదు. మరో ఇంటి సంగతి చెప్తాను.

ఆ ఇంటి పెద్దావిడకి మోకాళ్ళ నొప్పులు. మేడ మీదికి మెట్లు వెడల్పుగా, ఎత్తు తక్కువగా ఉండాలని కొడుకు పట్టుబట్టాడు. నాకూ అదే సబబనిపించింది. ఆరంగుళాల ఎత్తు, పదహారంగుళాల వెడల్పు పెట్టి నమూనా చేశాను. తెర మీద ఎంత బాగుందంటే, రాజుగారి కోటలో మెట్లలా ఉంది. అందరి మనసులూ ఔననే అన్నాయి.

కానీ మెట్లకి ఒక పాత సూత్రం ఉంది. 17వ శతాబ్దంలో ఫ్రాన్సు ఆర్కిటెక్టు బ్లోందెల్ చెప్పింది. రెండు మెట్ల ఎత్తూ, ఒక మెట్టు వెడల్పూ కలిపితే మనిషి వేసే ఒక అంగకి సమానం కావాలి. సుమారు 24, 25 అంగుళాలు రావాలి. మాకొచ్చింది 28. అయినా మనసొప్పక, ఇటుకలు తెప్పించి, ఖాళీ స్థలంలో నాలుగు మెట్లు పేర్పించి, పెద్దావిడని మెల్లగా నడవమన్నాం. ఒక మెట్టుకి ఒక అడుగు చాలదు, రెండడుగులు ఎక్కువ. ప్రతి మెట్టు దగ్గరా ఆవిడ తడబడ్డారు. ఆరంగుళాల ఎత్తూ, పన్నెండంగుళాల వెడల్పూ చేసి పేర్చితే చెయ్యి పట్టుకోకుండా ఎక్కేశారు. లెక్క చూస్తే 24!

ఇక్కడ గెలిచింది సూత్రం. ఎందుకంటారా? ఆ సూత్రం అందమైన బొమ్మలోంచి పుట్టలేదు, నడిచే కాళ్ళలోంచి పుట్టింది. నాకు అర్థమైనదేమిటంటే, మంచి సూత్రమంటే ఒకప్పుడు ఎందరో అనుభవించి తెలుసుకున్నది కాగితం మీదికి ఎక్కడమే. మనసుకి తట్టడమంటే మన ఒంటికి తెలిసిన సంగతి ఇంకా కాగితం మీదికి ఎక్కకపోవడమే. రెండూ అక్కచెల్లెళ్ళు. తగాదా పెట్టేది మనమే.

అయితే మనసు మాట ఎక్కడ నమ్మాలి, ఎక్కడ నమ్మకూడదు? నా లెక్క ఇది. మనం రోజూ చేసే పని గురించి మనసు చెప్తే వినాలి. ఇరవయ్యేళ్ళు పొయ్యి ముందు నిలబడ్డావిడకి కిటికీలోంచి ఎండ ఎలా వస్తుందో ఒంటికి తెలుసు. నోటికి చెప్పడం రాదంతే. ఎప్పుడూ వాడని దాని గురించి, బొమ్మ చూసి ముచ్చటపడితే మాత్రం టేపు పెట్టి కొలవాల్సిందే. లారీ బేకర్‌గారు కాగితం ముక్కల మీద బొమ్మలు గీసి, కట్టే చోట నిలబడి మేస్త్రితో మాట్లాడుతూ ప్లాను మార్చేవారు. చూసేవాళ్ళకి అదంతా అప్పటికప్పుడు తట్టినట్టే ఉంటుంది. కానీ ఆయన ఇంగ్లండులో చదువుకుని వచ్చి, హిమాలయాల్లోని పిథౌరాగఢ్‌లో ఏళ్ళ తరబడి ఉండి, అక్కడివాళ్ళు రాయితో మట్టితో ఎలా కట్టుకుంటున్నారో చూసి చూసి నేర్చుకున్న మనిషి. ఆ చేతికి తట్టడం వేరు, ఆదివారం పూట ఫోనులో నాలుగు బొమ్మలు చూసిన మనకి తట్టడం వేరు.

తెర మీద పెద్దా చిన్నా లేదు

కంప్యూటరు బొమ్మతో ఇంకో చిక్కుంది. వెనకటి రోజుల్లో అట్టతోనో థర్మకోలుతోనో నమూనా చేసేవాళ్ళు. చేత్తో పట్టుకుంటే ఇది చిన్నగది, ఇది పెద్దగది అని తెలిసిపోయేది. తెర మీద అలా కాదు. ఎనిమిదడుగుల గదీ తెర నిండా పడుతుంది, పద్నాలుగడుగుల గదీ తెర నిండా పడుతుంది. దగ్గరికి లాగితే పెద్దది, దూరం జరిపితే చిన్నది. అందుకే తెర ముందు కూర్చుంటే మన అంచనా పట్టు తప్పుతుంది. నాకూ తప్పింది. ఒక పడకగది తెర మీద బ్రహ్మాండంగా ఉందని కొలతలు సరిచూడకుండా ఒప్పేసుకున్నాను. తీరా కట్టాక చూస్తే బీరువా తలుపు పూర్తిగా తెరుచుకోదు, మంచానికి తగులుతుంది. నాలుగంగుళాలు తక్కువ!

చూపించే పద్ధతిలో ఉన్న కిటుకులు కూడా చెప్తాను. మా వృత్తి రహస్యాలు బయటపెట్టానని తోటివాళ్ళు కోప్పడినా ఫరవాలేదు. కెమెరా చూపుని వెడల్పు చేస్తే ఇరుకు గది హాలంత కనపడుతుంది. మంచం కొలత కాస్త తగ్గిస్తే గది పెరుగుతుంది. గోడని మాయం చేసి బయటనుంచి చూపిస్తే వంటిల్లు విశాలంగా ఉంటుంది. కిటికీ బయట చెట్లు పెడతాం, నిజానికి అక్కడ పక్కింటి బాత్రూం గొట్టాలుంటాయి. గట్టు మీద ఒక గిన్నెలో మూడు నిమ్మకాయలుంటాయి. మిక్సీ, కుక్కరు, పోపులపెట్టె, తడిగుడ్డ, చీపురు, గ్యాసు బండ... ఇవేవీ ఉండవు. ఎందుకంటే ఇవి పెడితే బొమ్మ 'శుభ్రంగా' ఉండదని మాకు నేర్పారు. ఖాళీ చోటుంటే కంటికి విశ్రాంతి అని సూత్రం. కంటికి సరే, చేతులకి? బొమ్మలో ఖాళీగా ఉన్న ప్రతి చోటూ రేపు ఒక ఇల్లాలు సామాను సర్దుకోలేక సతమతమయ్యే చోటే.

ఈ మధ్య కృత్రిమ మేధతో ఇంటి బొమ్మలు క్షణాల్లో వచ్చేస్తున్నాయి. "ఇలాంటి ఇల్లే కావాలి" అంటూ ఫోను చూపిస్తున్నారు. చూడముచ్చటగానే ఉంటాయి, కాదనను. కానీ ఆ బొమ్మ వెనక కొలతలుండవు. ఎన్నో బొమ్మల్ని చూసి నేర్చుకుని అల్లిన బొమ్మ అది. దానికి ఒళ్ళు లేదు, కనక నడుంనొప్పీ లేదు. సరదాగా చూసుకోండి, దాన్ని నమ్మి పునాది మాత్రం తవ్వకండి.

ఇదంతా అందం గురించిన చర్చ అయితే ఇంత రాయక్కర్లేదు. ఇల్లంటే మనలాంటివాళ్ళకి ఇరవయ్యేళ్ళ అప్పు. నెల నెలా కట్టే వాయిదా. అమ్మేసిన పొలం, కరిగించిన గొలుసు. ఫ్లాటు కొనేవాళ్ళయితే చాలామంది బొమ్మ చూసే అడ్వాన్సు ఇచ్చేస్తారు. అందుకే 2016లో వచ్చిన రియల్ ఎస్టేట్ చట్టం, మనం రెరా అంటున్నది, ఈ సంగతి పట్టించుకుంది. ప్రకటననో, ప్రాస్పెక్టసునో, నమూనా ఫ్లాటునో నమ్మి డబ్బు కట్టినవాళ్ళకి అందులోని తప్పుడు సమాచారం వల్ల నష్టం జరిగితే బిల్డరు పరిహారం ఇవ్వాలనీ, కొన్నవాళ్ళు తప్పుకుంటామంటే కట్టిన డబ్బు వడ్డీతో సహా తిరిగివ్వాలనీ 12వ సెక్షను చెప్తోంది. ఒప్పందం రాసుకుని రిజిస్టరు చెయ్యకుండా ధరలో 10 శాతానికి మించి పుచ్చుకోకూడదని 13వ సెక్షను. కాబట్టి మీకిచ్చిన రంగుల బ్రోచరుని పారెయ్యకండి, కాగితాలతో పాటు దాచుకోండి.

కానీ వంటింట్లో ఎండ కొడుతోందని ఏ చట్టం దగ్గరికి వెళ్తాం? అక్కడ మనకి మనమే దిక్కు.

మనం అడగాల్సినవి

ఇల్లు కట్టుకోబోతూ కంప్యూటరు నమూనా చూడ్డానికి వెళ్ళే అక్కచెల్లెళ్ళకి నేను చెప్పేది ఇదీ. మొదట, ముందు కుర్చీలో కూర్చోండి. "కంటి ఎత్తు నా ఎత్తుకి మార్చి చూపించండి" అని అడగండి. అది అర నిమిషం పని. నమూనాలో ఐదడుగుల మనిషి బొమ్మని గట్టు ముందు నిలబెట్టమనండి. మీ ఇంట్లో ఉన్న మంచం, బీరువా, ఫ్రిజ్జుల కొలతలు రాసుకెళ్ళి అవే పెట్టమనండి.

తరవాత ఎండ. ఊరు పేరూ, నెలా, గంటా చెప్తే ఎండ ఎక్కడ పడుతుందో ఈ సాఫ్ట్‌వేర్లు చూపిస్తాయి. మే నెల సాయంత్రం నాలుగింటికి ఇంట్లో ఎక్కడెక్కడ ఎండ పడుతుందో చూపించమనండి. మధ్యాహ్నపు ఎండ నెత్తిన ఉంటుంది కనక కిటికీ మీద చిన్న సన్‌షేడు ఆపేస్తుంది. పడమటి ఎండ అలా కాదు, వాలి నేరుగా లోపలికొస్తుంది. దాన్ని పైన వేసే సన్‌షేడు ఒక్కటే ఆపలేదు. ఇంకో సంగతి. ఉత్తరపు వెలుగు ఎప్పుడూ చల్లనిదేనని పాశ్చాత్యుల పుస్తకాలు చెప్తాయి. వాళ్ళ దేశాలకి అది నిజం. విజయవాడ భూమధ్యరేఖకి ఉత్తరంగా 16న్నర డిగ్రీల దగ్గరుంది. మే రెండోవారం నుంచి జూలై నెలాఖరు దాకా మిట్టమధ్యాహ్నపు సూర్యుడు మన నడినెత్తికి కాస్త ఉత్తరానే ఉంటాడు. పుస్తకం ఏ ఊళ్ళో రాశారో కూడా చూసుకోవాలి మరి!

ఇక మూడోది, నాకు బాగా ఇష్టమైనది. పైసా ఖర్చు లేనిది. మేడ మీదో వాకిట్లోనో ముగ్గుపిండితో మీ కాబోయే వంటిల్లు అసలు కొలతలతో గీయండి. గట్టు ఎక్కడ, సింకు ఎక్కడ, తలుపు ఎటు తెరుచుకుంటుంది, అన్నీ గీతలే. అందులోకి దిగి ఒక పూట వంట చేస్తున్నట్టు నడవండి. బియ్యం కడిగి పొయ్యి దాకా వెళ్ళండి. తోడికోడల్నో కూతుర్నో కూడా పిలవండి. ఇద్దరూ గుద్దుకుంటున్నారా? అక్కడే తెలిసిపోతుంది. తెర చెప్పలేనిది పాదాలు చెప్తాయి.

అన్నిటికంటే ముఖ్యమైన మాట. "ఏదో బాలేదు" అని మీ మనసుకి అనిపిస్తే, కారణం చెప్పలేకపోయినా ఆ మాట మింగెయ్యకండి. కారణం వెతకడం మీ పని కాదు, డబ్బు పుచ్చుకునే మాలాంటివాళ్ళ పని. ఎక్కడ అనిపిస్తోంది, ఏ పని చేస్తున్నట్టు ఊహించుకుంటే అనిపిస్తోంది, ఏ వేళ అనిపిస్తోంది అని నేనిప్పుడు తిరిగి అడుగుతాను. చాలాసార్లు మూడో ప్రశ్నకల్లా అంగుళాల్లోనో, గంటల్లోనో, డిగ్రీల్లోనో జవాబు దొరుకుతుంది. ఒక్కోసారి దొరకదు. ఊరికే అలవాటు లేకపోవడం వల్ల అలా అనిపించిందని తేలుతుంది. అప్పుడు ఆవిడే నవ్వేసి "సరేలెండి" అంటారు. కానీ అడిగాం కదా! ఆ రోజు నేను అడగలేదు. నాకు మాటలొచ్చు కనక గెలిచాను, ఆవిడకి రావు కనక ఓడిపోయారు. అది సూత్రం గెలవడం కాదు, నోరున్నవాళ్ళు గెలవడం.

ఇంతకీ ఆ ఇల్లు ఏమైందంటారా? నా ఖర్చుతోనే ఉత్తరపు గోడకి కిటికీ కొట్టించాను. పడమటి కిటికీని సగానికి మూయించి, మిగిలిన సగానికి బయట నిలువు చెక్కలు వరసగా పెట్టించాం, వాలుగా వచ్చే ఎండ తగలకుండా. కొత్త గోడ పగలగొడుతుంటే ఆయన ముఖం చూడాలి! ఇప్పుడు ఇంటి ముఖం మీద ఒక కన్ను పెద్దది, ఒక కన్ను చిన్నది. వీధిలోంచి చూస్తే నా చదువుకి కాస్త గుచ్చుకుంటుంది. కిందటి వేసవిలో వెళ్ళాను. ఆవిడ వంటింట్లోనే స్టూలు వేసి కూర్చోబెట్టి, నాలుగున్నరకి టీ ఇచ్చారు. అట్టలు లేవు, లైటు వెయ్యలేదు.

హాల్లో గోడకి నేనిచ్చిన పాత బొమ్మ ఇంకా వేలాడుతోంది, రెండు కిటికీలూ బంగారంలా మెరుస్తూ. "అది తీసేద్దామండీ" అన్నాను. "ఎందుకండీ, బొమ్మ బాగానే ఉందిగా. అందులో మేం ఉండం కదా!" అన్నారావిడ.